కౌశల్య కేసు నుంచి నేటి దాకా: వ్యభిచార నిరోధక చట్టంపై వేసిన సవాళ్లు ఎక్కడ ఆగిపోయాయి

వ్యభిచార నిరోధక చట్టం రాజ్యాంగబద్ధమా అన్న చర్చ ఎప్పుడు వచ్చినా, టీవీ స్టూడియోలోనైనా బార్ అసోసియేషన్ గదిలోనైనా, మాట కాసేపటికే ‘ఈ వృత్తిని చట్టబద్ధం చేయాలా వద్దా’ అన్న దగ్గరికి వెళ్లిపోతుంది. దానికి జవాబు చెప్పవలసింది పార్లమెంటు. కోర్టు చెప్పవలసిన జవాబు ఇంకొకటి ఉంది, అది అరవై ఏళ్లుగా బాకీ పడి ఉంది. మేజరైన ఒక స్త్రీని, ఆమె మీద ఏ నేరమూ రుజువు కాకుండానే, ఊరు విడిచి పొమ్మనడానికి గానీ, ఆమె ఇష్టంతో నిమిత్తం లేకుండా ఏళ్ల తరబడి హోమ్‌లో (ప్రొటెక్టివ్ హోమ్ అనే సంరక్షణ గృహంలో) ఉంచడానికి గానీ మేజిస్ట్రేటుకు ఈ చట్టం ఇచ్చిన అధికారం రాజ్యాంగం ముందు నిలుస్తుందా? కోస్తాలోని కింది కోర్టుల్లో ఈ చట్టం కింద వచ్చే కేసులు నడిపే న్యాయవాదిగా నాకు రోజూ ఎదురయ్యే ప్రశ్న ఇదే. ఇందులో ఊరు విడిచి పొమ్మనే సెక్షన్ 20 గురించిన సగానికి 1963లో జవాబు వచ్చింది, హోమ్‌లో ఉంచే సెక్షన్ 17 గురించిన మిగతా సగానికి సుప్రీంకోర్టు నుంచి ఇప్పటికీ తేటతెల్లమైన జవాబు లేదు. ఆ రెండు సగాలనూ కలిపి చూడడానికే ఈ కేస్ స్టడీ రాస్తున్నాను.

చట్టం ఏం చెబుతుంది

1950లో న్యూయార్క్‌లో సంతకాలు జరిగిన అంతర్జాతీయ ఒప్పందానికి అనుగుణంగా మన దేశం 1956లో ఈ చట్టం చేసింది. అది 1958 మే 1న అమల్లోకి వచ్చింది. 1978లో, 1986లో సవరణలు జరిగాయి. రెండో సవరణతో చట్టం పేరు మారింది, ‘స్త్రీ లేదా బాలిక’ అని ఉన్న చోట్ల ‘వ్యక్తి’ అన్న మాట చేరింది. పోలీసులు, పత్రికలు, కక్షిదారులు అందరూ పీటా అనే పిలుస్తారు కనుక నేనూ అలాగే పిలుస్తాను.

మేజరైన వ్యక్తి డబ్బు తీసుకుని ఇష్టపూర్వకంగా లైంగిక సంబంధం పెట్టుకోవడాన్ని పీటా నేరంగా ప్రకటించలేదు. దాని చుట్టూ ఉన్న పనులన్నిటినీ నేరాలు చేసింది. వ్యభిచార గృహం నడపడం సెక్షన్ 3 కింద, ఇంకొకరి సంపాదన మీద బతకడం సెక్షన్ 4 కింద, మనుషులను ఈ వృత్తిలోకి తేవడం సెక్షన్ 5 కింద, నిర్బంధించి ఉంచడం సెక్షన్ 6 కింద నేరాలు. గుడి, బడి, ఆసుపత్రి వంటి చోట్లకు రెండు వందల మీటర్ల లోపు ఈ వృత్తి చేస్తే సెక్షన్ 7 వర్తిస్తుంది, బహిరంగంగా పిలిస్తే సెక్షన్ 8 వర్తిస్తుంది. విటుడి విషయంలో చట్టం పెద్దగా మాట్లాడదు. మామూలు విటుడు సెక్షన్ 3, 4, 5ల కిందికి రాడని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2013, 2014 సంవత్సరాల్లో చెప్పిన తీర్పులను మేము నేటికీ క్వాష్ పిటిషన్లలో (కేసు కొట్టివేయమని వేసే పిటిషన్లలో) ఉదహరిస్తూనే ఉన్నాము. 2013లో శిక్షాస్మృతిలో చేరిన 370ఏ సెక్షన్ వచ్చాక ఆ లెక్క కొంత మారింది. అక్రమ రవాణాకు గురైన మనిషి అని తెలిసీ, లేదా అలా నమ్మడానికి కారణం ఉండీ ఆమెను లైంగిక దోపిడీకి వాడుకున్నవాడు ఇప్పుడు తప్పించుకోలేడు.

సెక్షన్ 2లో వ్యభిచార గృహం నిర్వచనాన్ని ఒకసారి నిదానంగా చదవాలి. మరొకరి లాభం కోసం గానీ, ‘ఇద్దరు లేదా అంతకుమించిన వ్యభిచారుల పరస్పర లాభం కోసం’ గానీ వాడే ఇల్లు, గది, వాహనం, స్థలం ఏదైనా వ్యభిచార గృహమే అవుతుంది. భద్రత కోసం ఇద్దరు స్త్రీలు ఒకే అద్దె ఇంట్లో ఉంటే, పైన యజమాని గానీ బ్రోకర్ గానీ ఎవరూ లేకపోయినా, ఆ ఇల్లు వ్యభిచార గృహమై కూర్చుంటుంది. అద్దె ఒప్పందం ఎవరి పేరున ఉంటే ఆమె దానికి ‘నిర్వాహకురాలు’ అవుతుంది.

కాన్పూర్ నోటీసులు, 1963 తీర్పు

చట్టం అమల్లోకి వచ్చిన రోజునే అలహాబాద్ హైకోర్టు మెట్లెక్కిన ఒక యువతి, ఇదే తన జీవనోపాధి అని, ఈ చట్టం తన ప్రాథమిక హక్కులను హరిస్తోందని రిట్ వేసింది. అప్పటికి ఆమెపై ఎవరూ ఏ చర్యా తీసుకోలేదు కనుక పిటిషన్‌ను కొట్టివేసినా, ఊరు విడిచి పొమ్మనే అధికారం ఇచ్చే సెక్షన్ 20 వంటి నిబంధనల చెల్లుబాటుపై న్యాయమూర్తి తన సందేహాలను తీర్పులోనే రాశారు. ఆ సందేహాలు వృథా పోలేదు. కాన్పూర్‌లో ఒక సబ్ ఇన్‌స్పెక్టర్ ఇచ్చిన సమాచారం మీద సిటీ మేజిస్ట్రేట్ కొందరు మహిళలకు సెక్షన్ 20 కింద నోటీసులు ఇచ్చి, ఉంటున్న చోటి నుంచి ఎందుకు వెళ్లిపోకూడదో చెప్పమన్నప్పుడు వారు ఎదురు తిరిగారు. సెషన్స్ కోర్టులో ఓడి హైకోర్టులో గెలిచారు. సెక్షన్ 20 సమానత్వ హక్కుకు, దేశంలో ఎక్కడికైనా తిరిగే హక్కుకు, ఎక్కడైనా నివసించే హక్కుకు విరుద్ధమని అలహాబాద్ హైకోర్టు కొట్టివేసింది. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు అప్పీలుకు వెళ్లింది. అదే కౌశల్య కేసు.

1963 అక్టోబర్ 1న రాజ్యాంగ ధర్మాసనం ప్రభుత్వం వైపే తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు రాసినవారు కోకా సుబ్బారావు గారు. రాజమండ్రిలో పుట్టి, గుంటూరులో కొలువైన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన, తర్వాత గోలక్‌నాథ్ కేసులో ప్రాథమిక హక్కుల జోలికి పార్లమెంటు సైతం పోరాదని చెప్పిన సుబ్బారావు గారే. కౌశల్య తీర్పుకు ఏడాది కూడా ముందు కాదు, 1962 డిసెంబర్‌లో, ఖరక్ సింగ్ కేసులో రాత్రిపూట ఇంటికి రావడమే కాదు, పోలీసు నిఘా మొత్తం మనిషి స్వేచ్ఛకు భంగమని, ఏకాంతం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని మెజారిటీతో విభేదించి రాసిన కలం అది. మా తరం న్యాయవాదులకు ఆయన మీద ఉన్న గౌరవం తక్కువది కాదు. ఆ గౌరవం ఉంది కనుకనే కౌశల్య తీర్పును తప్పుకుని పోకుండా పంక్తి పంక్తీ చదవాలని నేను అనుకుంటాను.

తీర్పులోని తర్కం ఇలా నడుస్తుంది. వ్యభిచారం చేసే స్త్రీకీ చేయని స్త్రీకీ మధ్య తేడా ఉంది, కనుక వారిని వేర్వేరు వర్గాలుగా చూడవచ్చు. వ్యభిచారం చేసేవారిలోనూ సమాజానికి ఇబ్బంది కలిగించేవారు, ఎవరి కంటా పడకుండా ఉండేవారు అని తేడా ఉంది, కనుక ఒకరిని పంపి మరొకరిని ఉండనివ్వడం వివక్ష కాదు. మేజిస్ట్రేట్ ఇచ్చేది నోటీసు ఇచ్చి, విచారించి, సాక్ష్యం విని ఇచ్చే న్యాయ సంబంధమైన ఉత్తర్వు, దానిమీద రివిజన్ (పై కోర్టు పునఃపరిశీలన) ఉంది, కనుక విచక్షణాధికారం నిరంకుశం కాదు. ఇక ఆంక్ష సహేతుకమా అన్న ప్రశ్న ఆనాటి సమాజపు విలువలపై, పరిస్థితులపై, నిరోధించదలచిన చెడు తీవ్రతపై ఆధారపడి ఉంటుంది. ఆ చెడు విపరీతంగా ప్రబలితే దాన్ని ఆ ప్రాంతం నుంచి పంపివేయడమూ అవసరం కావచ్చు.

ఈ తర్కంలోని చివరి మెట్టు మీదే ఇప్పుడు మన దృష్టి పడాలి. ఆంక్ష సహేతుకత ‘ఆ కాలపు’ పరిస్థితులను బట్టి ఉంటుందని తీర్పే చెబుతోంది. అంటే కాలం మారితే అదే ఆంక్షను మళ్లీ తూచి చూడవచ్చన్న తలుపు ఆ తీర్పులోనే తెరిచి ఉంది. ఇంకొక సంగతి ఏమంటే, ఆ రోజు కోర్టు ముందున్న వాదన ప్రధానంగా 14వ (సమానత్వం), 19వ (తిరిగే, నివసించే స్వేచ్ఛ) అధికరణాల చుట్టూనే తిరిగింది. 21వ అధికరణానికి, అంటే జీవించే హక్కుకూ వ్యక్తి స్వేచ్ఛకూ, 1978 మేనకా గాంధీ తీర్పు తర్వాత వచ్చిన విశాలార్థం అప్పటికి లేదు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పు చెబుతూ, ఖరక్ సింగ్ కేసులో సుబ్బారావు గారు రాసిన భిన్నాభిప్రాయమే సరైనదని నిలబెట్టింది. ఆయన 1962లో రాసిన మాట గెలిచినప్పుడు, దానికి ఎదురుగా నిలిచే 1963 నాటి మాట ఎంతవరకు నిలుస్తుందన్నది సుప్రీంకోర్టును ఎవరైనా సూటిగా అడగవలసిన ప్రశ్న. నాకు తెలిసినంతలో ఆ ప్రశ్నకు ఇంకా సూటి సమాధానం రాలేదు.

సెక్షన్ 20 ఉత్తర్వును ఉల్లంఘిస్తే చట్టం పెట్టిన జరిమానా రెండు వందల రూపాయలు. ఆపైన ప్రతి రోజుకూ ఇరవై రూపాయలు. ఇంత చిన్న శిక్ష గల నిబంధన మీద ఎందుకింత రాద్ధాంతం అని తోటి న్యాయవాదులు నన్ను అడిగారు. జరిమానా చిన్నదే కావచ్చు. ఇల్లు, పిల్లల బడి, రేషన్ కార్డు, ఇరుగుపొరుగు, వీటన్నిటినీ వదిలి ఒక మనిషిని పొమ్మనే అధికారం మాత్రం చిన్నది కాదు.

సెక్షన్ 17: ‘బాధితురాలు’ అన్న మాట వెనుక

ఈ రోజుల్లో సెక్షన్ 20 నోటీసులు కింది కోర్టుల్లో అరుదు. నిజమైన బరువు సెక్షన్ 17 మీద ఉంది. సోదాలో దొరికిన వ్యక్తిని మేజిస్ట్రేట్ ఎదుట హాజరుపరచాలి. మేజిస్ట్రేట్ విచారణ జరపాలి, విచారణ ముగిసేవరకు మూడు వారాలకు మించకుండా సురక్షిత కస్టడీలో ఉంచవచ్చు. తర్వాత, ఆమెకు సంరక్షణ అవసరమని తోస్తే, ఏడాదికి తగ్గకుండా మూడేళ్లకు మించకుండా ప్రొటెక్టివ్ హోమ్‌కు పంపవచ్చు.

మేజిస్ట్రేట్ ఏమేమి విచారించాలో సెక్షన్ 17(2) ఒక వరుస చెబుతుంది. వచ్చిన సమాచారం నిజమా, వయసెంత, ప్రవర్తన ఎలాంటిది, గతం ఏమిటి, ఆమెను అప్పగించడానికి తల్లిదండ్రులు గానీ సంరక్షకుడు గానీ భర్త గానీ తగినవారేనా, ఇంటికి పంపితే ఆ ఇంటి వాతావరణం ఆమె మీద ఎలాంటి ప్రభావం చూపుతుంది. పదిహేనేళ్ల బాలిక విషయంలో ఈ వరుస సరిగ్గానే ఉంటుంది. ముప్పై రెండేళ్ల స్త్రీ విషయంలో కూడా చట్టం అడిగేది ఇదే. ఆమె ఏమి కోరుకుంటోంది అన్న ప్రశ్న ఆ వరుసలో ఎక్కడా లేదు.

నేను నడిపిన ఒక కేసు ఈ విషయాన్ని స్పష్టంగా చూపుతుంది. గుర్తులు తెలియకుండా చెబుతాను. కృష్ణా తీరాన ఒక పట్టణంలో ఇద్దరు స్త్రీలు అద్దెకుంటున్న ఇంటి మీద పోలీసులు దాడి చేశారు. ఇద్దరూ ముప్పై దాటినవారే. మధ్యవర్తుల నివేదికలో స్వాధీనం చేసుకున్న వస్తువుల వరుస ఇలా ఉంది: రెండు సెల్‌ఫోన్లు, కొంత నగదు, ఒక ప్లాస్టిక్ డబ్బాలో కండోమ్ ప్యాకెట్లు. ఆ ప్యాకెట్లు ప్రభుత్వ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం కింద ఉచితంగా పంచినవని వాటి మీదే ముద్రించి ఉంది. ఒక ప్రభుత్వ విభాగం ఆమె చేతికిచ్చిన ప్యాకెట్‌ను మరో ప్రభుత్వ విభాగం నేరానికి సాక్ష్యంగా సీలు వేసింది. అద్దె ఒప్పందం ఉన్నామె ఒకటో నిందితురాలు అయ్యింది. రెండో ఆమె ‘బాధితురాలు’ అయ్యింది. ఇద్దరూ చేస్తున్నది ఒకటే పని, సంపాదనలు వేర్వేరు, అద్దె సగం సగం.

నిందితురాలికి వారం తిరగకముందే బెయిల్ వచ్చింది. ప్రత్యేక పోలీసు అధికారికే పీటా నేరాలను దర్యాప్తు చేసే అధికారం ఉందని ఢిల్లీ పాలనా యంత్రాంగం, రామ్ సింగ్ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చింది. ఇన్‌స్పెక్టర్ హోదాకు తక్కువ ఉన్న అధికారిని ఆ పదవిలో నియమించరాదని చట్టమే చెబుతోంది. ఈ కేసులో దర్యాప్తంతా ఒక సబ్ ఇన్‌స్పెక్టరే నడిపించారు కనుక, తర్వాత ఆమె డిశ్చార్జ్ అయ్యింది, అంటే కేసు నుంచి బయటపడింది. ‘బాధితురాలు’ మాత్రం నెలల తరబడి హోమ్‌లో ఉండిపోయింది. విచారణలో ఆమెను అడిగిన మొదటి ప్రశ్న, “మీ ఆయన వచ్చాడా?” భర్త ఆమెను వదిలి పోయి చాలా కాలమైంది. తమ్ముడు వచ్చాడు గానీ, అక్కను చూసుకునే స్తోమత లేదని ప్రొబేషన్ ఆఫీసర్ నివేదిక రాశారు. కనుక ఆమెను అప్పగించడానికి తగిన మనిషి లేడని తేలింది. అసలు ఆమెను ఆమెకే అప్పగించవచ్చునన్న ఆలోచన ఆ కాగితాల్లో ఎక్కడా కనబడదు. సెక్షన్ 17(6) కింద సెషన్స్ కోర్టులో అప్పీలు వేసి, ఆమె మేజర్ అని, ఆమెను ఎవరూ తెచ్చి అమ్మలేదని, బయటికి వెళ్లాలన్నదే ఆమె కోరిక అని నిరూపించాకే తలుపు తెరుచుకుంది. శిక్షార్హురాలని రాసుకున్న మనిషి ఇంట్లో ఉంది, రక్షించామని రాసుకున్న మనిషి తాళం వెనుక ఉంది. ఈ విడ్డూరం ఆ ఒక్క కేసుకే పరిమితం కాదు. పీటా పని చేసే న్యాయవాది ఎవరినడిగినా ఇలాంటిది ఒకటి చెబుతారు.

బొంబాయి హైకోర్టు 2020 సెప్టెంబర్‌లో ఇలాంటి విషయంలోనే తేటగా మాట్లాడింది. మేజరైన ముగ్గురు యువతులను మేజిస్ట్రేట్ ఏడాదిపాటు హోమ్‌కు పంపిన ఉత్తర్వును రద్దు చేస్తూ, వ్యభిచారం తనంత తానుగా ఈ చట్టం కింద నేరం కాదని, మేజరైన స్త్రీకి తన వృత్తిని ఎంచుకునే హక్కు ఉందని, ఆమె సమ్మతి లేకుండా నిర్బంధించరాదని చెప్పింది. మన కోర్టుల్లో ఆ తీర్పుకు ఒప్పించే బలం ఉంది గానీ కట్టుబడవలసిన బలం లేదు. కొందరు మేజిస్ట్రేట్లు శ్రద్ధగా చదువుతారు, కొందరు పక్కన పెడతారు.

2022 మే 19: పత్రికలు చదివింది, కోర్టు రాసింది

1999లో కోల్‌కతాలో ఒక సెక్స్ వర్కర్‌ను దారుణంగా కొట్టి చంపిన కేసులో నిందితుడి అప్పీలును సుప్రీంకోర్టు 2011 ఫిబ్రవరిలో కొట్టివేసింది. అక్కడితో ఆగకుండా సెక్స్ వర్కర్ల జీవన పరిస్థితుల మీద తనంత తానే విచారణ మొదలుపెట్టింది. అదే బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసు. ఆ ఏడాది జూలైలో సీనియర్ న్యాయవాది ప్రదీప్ ఘోష్ అధ్యక్షతన ఒక ప్యానెల్ ఏర్పడింది. కోల్‌కతాలోని సెక్స్ వర్కర్ల సంఘం దర్బార్ మహిళా సమన్వయ కమిటీ కూడా అందులో భాగం. ప్యానెల్‌కు అప్పగించిన పనుల్లో ఒకటి, ఈ వృత్తిలో కొనసాగదలచినవారు గౌరవంగా పని చేసుకోగలిగే పరిస్థితులను సూచించడం. కేంద్రం అభ్యంతరం చెప్పడంతో 2012లో ఆ వాక్యం మారింది, ‘21వ అధికరణం ప్రకారం గౌరవంగా జీవించడానికి’ తగిన పరిస్థితులు అన్న మాటలు వచ్చాయి. ‘పని చేసుకోవడం’ పోయి ‘జీవించడం’ రావడంలోనే ఈ దేశంలోని చర్చంతా ఇమిడి ఉంది.

పదకొండేళ్ల తర్వాత, జస్టిస్ లావు నాగేశ్వరరావు నేతృత్వంలోని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఆయన పదవీ విరమణకు కొద్ది రోజుల ముందు, పూర్తి న్యాయం కోసం తగిన ఆదేశాలిచ్చే అధికారమైన 142వ అధికరణం కింద ఉత్తర్వులు ఇచ్చింది. చీరాల నుంచి వెళ్లిన న్యాయమూర్తి ఆయన. ఆ తర్వాత పత్రికల్లో వచ్చిన శీర్షికలు దాదాపు ఒకటే మాట చెప్పాయి: వ్యభిచారం చట్టబద్ధమైన వృత్తి అని సుప్రీంకోర్టు తీర్పు. తెలుగు చానళ్లలో రెండు మూడు రోజులు ఇదే చర్చ. ఒకవైపు సంస్కృతి పాడైపోతుందన్న ఆందోళన, మరోవైపు చారిత్రక విజయమన్న సంబరం.

ఉత్తర్వు చదివితే సంగతి వేరు. ఏ వృత్తిలో ఉన్నా ప్రతి మనిషికీ 21వ అధికరణం కింద గౌరవంగా జీవించే హక్కు ఉందని కోర్టు చెప్పింది. చట్టం వచ్చేంతవరకు ప్యానెల్ సిఫారసుల్లో కేంద్రానికి అభ్యంతరం లేనివాటిని అమలు చేయమంది. లైంగిక దాడికి గురైన సెక్స్ వర్కర్‌కు వెంటనే వైద్య సహాయం అందించాలి. ప్రొటెక్టివ్ హోమ్‌ల్లో ఇష్టానికి విరుద్ధంగా ఉన్న మేజర్ స్త్రీలెవరో సర్వే చేసి, వారి విడుదలకు నిర్ణీత గడువులో చర్యలు తీసుకోవాలి. పోలీసులు మర్యాదగా ప్రవర్తించాలి. దాడుల వార్తల్లో మీడియా వారి ముఖాలు, పేర్లు బయటపెట్టకూడదు. కండోమ్‌ల వంటి ఆరోగ్య రక్షణ సాధనాలను నేరానికి సాక్ష్యంగా చూడకూడదు. వారి హక్కుల గురించి న్యాయ సేవాధికార సంస్థలు అవగాహన కల్పించాలి.

అసలు గుండెకాయ వంటి నాలుగు సిఫారసుల మీద కేంద్రం అభ్యంతరం చెప్పింది. మేజర్, సమ్మతితో ఉన్న వ్యక్తి అని స్పష్టమైతే పోలీసులు జోక్యం చేసుకోరాదన్నది ఒకటి. ఇంటి మీద దాడి జరిగినప్పుడు సెక్స్ వర్కర్లను అరెస్టు చేయడం గానీ వేధించడం గానీ చేయకూడదన్నది రెండోది. వారికి సంబంధించిన విధానాలు రూపొందించేటప్పుడు వారినీ కూర్చోబెట్టాలన్నది మూడోది. తల్లి ఈ వృత్తిలో ఉన్నదన్న ఒక్క కారణంతో బిడ్డను ఆమె నుంచి వేరు చేయరాదన్నది నాలుగోది. ఈ నాలుగింటి విషయంలో కేంద్రం జవాబు చెప్పాలని కోర్టు ఆదేశించి వదిలింది. శీర్షికల్లో గెలిచినట్టు కనబడినవి సరిగ్గా ఈ నాలుగే.

అయినా 2022 ఉత్తర్వు విలువను నేను తక్కువ చేయను. హోమ్‌ల సర్వే, కండోమ్‌ల విషయం, ఈ రెంటినీ మేము మేజిస్ట్రేట్ల ముందు వాడుతున్నాము, ఫలితమూ ఉంది. స్వాధీనపు జాబితాలో ఆ ప్యాకెట్లు కనబడగానే ఉత్తర్వు నకలు జత చేసి మెమో వేయండని జూనియర్లకు చెబుతుంటాను. ఆధార్ విషయంలో కోర్టు చేసిన ఏర్పాటు కూడా చాలా మంది జీవితాల్లో తేడా తెచ్చింది. రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ప్రాజెక్ట్ డైరెక్టర్ గానీ, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో)లోని గెజిటెడ్ అధికారి గానీ ధ్రువపత్రం ఇస్తే, నివాస రుజువు కోసం పట్టుబట్టకుండా ఆధార్ ఇవ్వాలి, అందులో వృత్తి ఆనవాలు ఉండకూడదు. ఆధార్ లేక రేషన్, బ్యాంకు ఖాతా లేక బతికిన ఆడవాళ్లను చూసినవారికి అదేమంత చిన్న విషయంగా తోచదు.

అక్రమ రవాణా బాధితుల పక్షాన వచ్చే వాదన

ఈ సవాళ్లను వ్యతిరేకించేవారిని కేవలం ఛాందసులని తీసిపారేయడం అన్యాయం. అనంతపురం కరువు మండలాల నుంచి పని ఇప్పిస్తామని తీసుకెళ్లి పుణెలో, భివండీలో, ఢిల్లీలో అమ్మేసిన ఆడపిల్లల కథలు మన రాష్ట్రానికి కొత్త కాదు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ప్రజ్వల సంస్థ 2004లో సుప్రీంకోర్టులో రిట్ వేసింది కూడా, విడిపించిన బాధితులకు రక్షణ విధానం కావాలనే. ఆ పక్షం అడిగే ప్రశ్న సూటిగానే ఉంటుంది. దాడి జరిగిన గంటలోనే, బ్రోకర్ మనుషులు కోర్టు వాకిట్లో కాచుకుని ఉండగా, ఇష్టంతోనే చేస్తున్నానని ఆమె చెప్పే మాటను ఎలా నమ్మాలి? మేనమామనంటూ వచ్చి సంతకం పెట్టి తీసుకుపోయినవాడే ఆమెను మళ్లీ అమ్మిన సందర్భాలు ఉన్నాయి. సెక్షన్ 17(2) బంధువుల యోగ్యతను విచారించమన్నది, 1986 సవరణ కుటుంబానికి అప్పగించే ముందు పాటించవలసిన షరతులతో 17ఏ చేర్చింది, ఈ భయంతోనే.

ఆ భయం నిజమైనదేనని నేను ఒప్పుకుంటాను. అయితే దానికి విరుగుడు ఆమె మాటను అసలే అడగకపోవడం కాదు. ఆమె మాట స్వేచ్ఛగా వచ్చేలా చూడడం, పోలీసులు లేని గదిలో, బ్రోకర్ నీడ పడని చోట, ఆమె భాషలో, న్యాయ సహాయం ఇచ్చి, ఒకటికి రెండుసార్లు వేర్వేరు రోజుల్లో అడగడం. అందుకు మూడు వారాల మధ్యంతర కస్టడీ సరిపోతుంది, మూడేళ్లు అక్కర్లేదు.

ఇక్కడ ప్రభుత్వ న్యాయవాదులు తరచూ ఒక వాదన తెస్తారు. అక్రమ రవాణా నేరంలో బాధితురాలి సమ్మతి అప్రస్తుతమని శిక్షాస్మృతి 370 సెక్షన్ చెప్పింది, దాని స్థానంలో వచ్చిన న్యాయ సంహిత 143 సెక్షన్ కూడా చెబుతోంది కదా అంటారు. నిజమే. కానీ ఆ మాట నేరం చేసినవాడి బాధ్యత నిర్ణయించడానికి రాసినది. ఆమె ఒప్పుకుందన్న సాకుతో బ్రోకర్ తప్పించుకోకూడదని దాని అర్థం. దాన్ని తిప్పి ఆమె స్వేచ్ఛ మీదే ప్రయోగించి, నీ సమ్మతితో మాకు పని లేదు, హోమ్‌లో ఉండు అనడం నిబంధన ఉద్దేశాన్ని తలకిందులు చేయడమే.

కెనడా అనుభవం

సవాలు వేసే తీరు గురించి ఆలోచించేటప్పుడు కెనడా సుప్రీంకోర్టు 2013 డిసెంబర్ 20న ఇచ్చిన బెడ్‌ఫర్డ్ తీర్పు పనికొస్తుంది. అప్పట్లో అక్కడ కూడా వ్యభిచారం నేరం కాదు, చుట్టూ ఉన్న పనులే నేరాలుగా ఉండేవి. పిటిషనర్లు ఇది మా వృత్తి హక్కు అన్న వాదనను ముందుకు తేలేదు. ఇంట్లో పని చేసుకోనివ్వకపోవడం, కాపలా మనిషిని గానీ డ్రైవర్‌ను గానీ పెట్టుకోనివ్వకపోవడం, విటుడితో ముందుగా మాట్లాడి మంచీ చెడూ చూసుకోనివ్వకపోవడం, ఈ మూడూ తమ ప్రాణ భద్రతకు ముప్పు అన్నారు. తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఒప్పుకుని మూడు నిబంధనలను కొట్టివేసి, పార్లమెంటుకు ఏడాది గడువు ఇచ్చారు. ఆ గడువులోనే, 2014లో, పార్లమెంటు కొనడాన్ని నేరం చేస్తూ కొత్త చట్టం తెచ్చింది. సవాలు చేసినవారు కోరుకున్నది అది కాదు. కోర్టులో గెలుపు చట్టసభలో ఏ రూపం తీసుకుంటుందో ఎవరి చేతిలోనూ ఉండదని మన దగ్గర సంబరపడేవారు, భయపడేవారు ఇద్దరూ గమనించాలి. మన దగ్గర కూడా విటుడిని శిక్షించాలన్న బిల్లు 2006లో లోక్‌సభకు వచ్చి, చట్టం కాకుండానే మురిగిపోయింది.

నేనైతే వేసే పిటిషన్

మొత్తం చట్టాన్ని కొట్టివేయమని అడిగే పిటిషన్‌కు నేను వకాలత్ వేయను. సెక్షన్ 5, 6 లేకపోతే మన ఆడపిల్లలకు ఉన్న కొద్దిపాటి రక్షణా పోతుంది. వృత్తి హక్కు అన్న 19(1)(జి) వాదన మీద కూడా కేసు నిలబెట్టను, ఎందుకంటే నైతికత పేరుతో వచ్చే సమాధానం అక్కడ సులువుగా దొరుకుతుంది, చర్చ మళ్లీ చట్టబద్ధత దగ్గరికే పోతుంది.

హోమ్‌కు పంపే అధికారం ఇచ్చే సెక్షన్ 17(4)ను 21వ అధికరణం వెలుగులో కుదించి చదవమని అడుగుతాను. అందుకు ఆధారం చట్టంలోనే ఉంది. ఈ వృత్తిలో ఉన్న వ్యక్తి తనంత తానుగా హోమ్‌లో చేర్చమని మేజిస్ట్రేటుకు దరఖాస్తు చేసుకోవచ్చని సెక్షన్ 19 చెబుతోంది. మేజర్ల విషయంలో హోమ్ అన్నది కోరుకుంటే దొరికే ఆశ్రయమేనని, విధించే నిర్బంధం కాదని ఈ రెండు సెక్షన్లనూ కలిపి చదవవచ్చు. మైనర్లు, ఒత్తిడిలో ఉన్నారని సాక్ష్యంతో తేలినవారు ఈ వాదన పరిధిలోకి రారు. రెండో విన్నపంగా, వ్యభిచార గృహం నిర్వచనంలో ‘పరస్పర లాభం’ అన్న భాగాన్ని మూడో మనిషి దోపిడీ లేని చోట వర్తింపజేయరాదని కోరతాను. ప్రాణ భద్రత మీద ఆధారపడే ఈ వాదనకు బెడ్‌ఫర్డ్ తర్కం అక్కరకొస్తుంది.

సెక్షన్ 20 సంగతి చివర పెడతాను. ఐదుగురు న్యాయమూర్తుల తీర్పును హైకోర్టు కాదనజాలదు, సుప్రీంకోర్టులోని చిన్న ధర్మాసనమూ కాదనజాలదు. కనుక హైకోర్టులో ఆ విన్నపాన్ని రికార్డులో నిలిపి ఉంచి, సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు విస్తృత ధర్మాసనానికి నివేదించమని అడగాలి. పుట్టస్వామి తీర్పు ఆమోదించిన 1962 నాటి భిన్నాభిప్రాయాన్నీ, 1963 నాటి కౌశల్య తీర్పునూ పక్కపక్కన పెట్టి, ఒకే న్యాయమూర్తి రాసిన ఈ రెంటిలో ఏది ఇవాళ్టి రాజ్యాంగమో చెప్పమని అడగాలి.

పిటిషనర్ ఎవరన్నది కూడా ముఖ్యం. 1958లో అలహాబాద్‌లో రిట్ వేసిన యువతికి ఎదురైన అడ్డంకి, ఇంకా చర్య జరగలేదు కదా అన్నదే. కాబట్టి పిటిషన్ వేయవలసింది సెక్షన్ 17(4) ఉత్తర్వు కింద హోమ్‌లో ఉన్న మేజర్ స్త్రీ, ఆ ఉత్తర్వు ఇంకా అమల్లో ఉండగానే. సెషన్స్ కోర్టులో అప్పీలు గెలిచి ఆమె బయటికి వచ్చేస్తే పిటిషన్ నిష్ప్రయోజనమైందని మూసేస్తారు. పిటిషన్‌ను బతికించడం కోసం ఆమెను లోపల ఉంచలేము కదా. అందుకని అప్పీలూ రిట్టూ ఒకేసారి వేసి, ఆమె విడుదలైనా చట్టపరమైన ప్రశ్న మిగిలే ఉందని, ఇలాంటి నిర్బంధం పునరావృతమయ్యేదే అయినా ప్రతిసారీ కోర్టు సమీక్షకు అందకుండా ముగిసిపోతోందని మొదటి రోజునే అఫిడవిట్‌లో రాయాలి. దానికి జతగా, 2022 ఉత్తర్వు ప్రకారం తమ తమ జిల్లాల్లో ప్రొటెక్టివ్ హోమ్‌ల సర్వే జరిగిందా, జరిగితే ఎంతమంది మేజర్లు ఇష్టానికి విరుద్ధంగా ఉన్నారని తేలింది, వారిలో ఎందరు విడుదలయ్యారు అన్న మూడు ప్రశ్నలతో సమాచార హక్కు దరఖాస్తులు ముందుగానే పెట్టి, వచ్చిన జవాబులను, రాని జవాబులను కూడా, అనుబంధాలుగా చేర్చాలి.